మా షాపుకొచ్చే ఒకాయన తన కారుని ప్రేమిస్తున్నాడు. మాటవరసకి కాదు, నిజంగానే. ఇది జబ్బా?

ఆటోనగర్_పాలిష్:

అందరికీ నమస్తే. మాది విజయవాడ. ఆటోనగర్‌లో పదకొండేళ్లుగా కార్ డీటైలింగ్ షాపు నడుపుతున్నాను. వాటర్ వాష్ నుంచి సిరామిక్ కోటింగ్ దాకా అన్నీ చేస్తాం. ఈ విషయం ఎవరిని అడగాలో తెలీక ఇక్కడ పెడుతున్నాను. నవ్వొస్తే నవ్వుకోండి, తెలిసినవాళ్లు మాత్రం కాస్త సరిగ్గా చెప్పండి. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మా దగ్గరికి ఒకాయన వస్తాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. పెళ్లి కాలేదు. మంచి ఉద్యోగం, మర్యాదస్తుడు, రేటు దగ్గర బేరమాడడు. ఆయనది ప్రీమియర్ పద్మిని, మనవాళ్లు ఇప్పటికీ ఫియట్ అనే అంటారు. ముదురాకుపచ్చ. గేరు కర్ర స్టీరింగ్ పక్కనే ఉంటుంది. నెలకోసారి, ఆదివారం, మేం షట్టర్ ఎత్తకముందే వచ్చి బయట నిలబడతాడు. జనం రాకముందు పని అయిపోవాలి, అదొక్కటే షరతు.

మొదటిసారి రెండేళ్ల క్రితం వచ్చినప్పుడు బానెట్ మీద రంగు సున్నం పూసినట్టు వెలిసిపోయి ఉంది. కాంపౌండ్ అనే రుద్దుడు పేస్టు పెట్టి మెషిన్ ప్యాడ్‌తో బఫింగ్ చేయాలన్నాను. ఇక్కడ పనివాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఇప్పటి కార్లకి రంగు పైన క్లియర్ కోట్ అని గాజులాంటి పొర ఉంటుంది. మెషిన్ పెడితే ఆ పొరే అరుగుతుంది, ప్యాడ్‌కి రంగు అంటదు. పాత కార్లకి ఆ పొర లేదు, రంగే పైన ఉంటుంది. ఆన్ చేసిన రెండు నిమిషాలకి ప్యాడంతా ఆకుపచ్చ అయిపోయింది. ఆయన గబగబా దగ్గరికొచ్చి, "అది దాని ఒంటిదేనా?" అన్నాడు. నాకు ముందు అర్థం కాలేదు. "రంగేనండీ, కొంచెం పోతుంది, మామూలే" అన్నాను. పని అయ్యాక ఆ ప్యాడ్ ఉతకొద్దని, తనకిమ్మని అడిగాడు. రెండొందల ప్యాడ్, పోనీలే అని కవర్లో పెట్టిచ్చాను. అప్పట్నుంచి మెషిన్ పెట్టిన ప్రతిసారీ ఆ ప్యాడ్ ఆయనే తీసుకెళ్తున్నాడు.

ఇంజన్ ఆపాక వేడి తగ్గుతుంటే లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడొస్తుంది చూడండి. ఆ చప్పుడు ఆగేదాకా బానెట్ మీద చెంప ఆనించి వింటాడు. తర్వాత అద్దాలెత్తుకుని లోపల కాసేపు కూర్చుంటాడు. అంతకుమించి మా షాపులో అసభ్యంగా ఏమీ చేయలేదు, ఆ మాట గట్టిగా చెప్పగలను. ఒకరోజు డబ్బులిస్తూ తనే అన్నాడు: "పెళ్లెందుకు చేసుకోలేదని అందరూ అడుగుతారు. మీకు ఎప్పుడో అర్థమైపోయుంటుంది. ఇది బండి మీద ముచ్చట కాదండీ. మనుషులకి మనుషుల మీద ఉంటుందే, అది." నా నోట మాట రాలేదు. "వచ్చే నెల వ్యాక్స్ పెడదాం సార్" అన్నాను. సిగ్గుచేటు, కానీ అదే అన్నాను.

ఇప్పుడు తంటా ఏంటంటే, మా కుర్రాడొకడు ఆయన చెంప ఆనించి ఉండగా వీడియో తీశాడు. నాలుగు తిట్టి డిలీట్ చేయించాను, కానీ అప్పటికే ఒక గ్రూపులో వేసేశాడు. మా ఆవిడకి చెబితే "అలాంటి మనిషిని షాపుకి రానివ్వకు" అంది.

అసలు ఇలా ఉంటారా? ప్రమాదమా? డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాలా? నోరు మూసుకుని బండి తుడవాలా?

గోదారి_గట్టు:

ఆర్‌సీ బుక్కులో భార్య పేరు రాయించుకున్నాడా లేదా కనుక్కో అన్నా 😂

ఆటోనగర్_పాలిష్:

ఈ జోకు మా కుర్రాళ్లు రెండేళ్ల కిందటే వేసేశారు తమ్ముడూ. కొత్తదేమైనా ఉంటే చెప్పు.

మనసు_మాట:

నేను హైదరాబాద్‌లో క్లినికల్ సైకాలజిస్టుని. చూడని మనిషికి పేరు పెట్టను, కాబట్టి ఇది ఆయన గురించి కాదు, ఇలాంటి విషయాల గురించి.

ఇలా ఉంటారు. అరుదే గానీ ఉంటారు. జబ్బా అన్నదానికి జవాబు కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. 1886లో క్రాఫ్ట్-ఎబింగ్ అనే మానసిక వైద్యుడు మామూలు కాదనిపించిన కోరికలన్నిటినీ రోగాల చిట్టాగా అచ్చువేశాడు. చాలాకాలం వైద్యం ఆ చిట్టా పట్టుకునే నడిచింది. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం, కోరిక వేరు, రుగ్మత వేరు అని విడదీసింది. ఆ కోరిక వల్ల మనిషి లోపల నలిగిపోతుంటే, ఉద్యోగమో బతుకో దెబ్బతింటుంటే, ఇంకొకరికి హాని జరుగుతుంటే అప్పుడే రుగ్మత. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా ఐసీడీ-11లో ఫెటిషిజం, అంటే వస్తువు మీద కోరిక, అనే పేరే లేదు, తీసేశారు. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, చుట్టూ ఉన్న సమాజం నీతికీ ఆచారానికీ సరిపడలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదంటుంది. మూడో సెక్షన్ చూడండి.

ఇక ఎందుకొస్తుందన్నది. ఇందులో రెండు రకాలు కలిసిపోతుంటాయి.

ఒకటి, వస్తువు కోరికని లేపడం. 1966లో రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త ముగ్గురు మగవాళ్లకి బూట్ల బొమ్మ చూపించి, వెంటనే నగ్నంగా ఉన్న స్త్రీ బొమ్మ చూపించేవాడు. అలా పదేపదే చేశాక ఒట్టి బూటు చూసినా వాళ్ల శరీరం స్పందించింది. తర్వాత బూటు ఒక్కటే చూపిస్తూ పోతే ఆ స్పందన చల్లారింది. గంట కొడితే కుక్కకి నోరూరడం లాంటిదే. కారు పక్కన అమ్మాయిని నిలబెట్టే ప్రతి ప్రకటనా ఈ గంటే కొడుతోంది.

రెండోది వేరు. అక్కడ వస్తువు ఇంకో మనిషికి గుర్తు కాదు, అదే మనిషి. బూట్లంటే మోజున్నవాడికి ఏ బూటైనా ఒకటే. మీ కస్టమర్‌కి ఇంకో ఆకుపచ్చ ఫియట్ తెచ్చిస్తే పుచ్చుకుంటాడా? నాకైతే అనుమానమే. "దాని ఒంటిదేనా" అన్న మాటలో ఆ తేడా అంతా ఉంది. దీన్ని ఆబ్జెక్టమ్ సెక్సువాలిటీ అంటున్నారు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో ఇలాంటివాళ్ల మీద ఒక పరిశీలన ప్రచురించారు. మిగతావాళ్లతో పోలిస్తే వీళ్లలో ఆటిజమ్, సినస్తీషియా ఎక్కువగా కనిపించాయి. సినస్తీషియా అంటే ఒకటి తెలిస్తే దాంతోపాటే సంబంధం లేని ఇంకొకటి కూడా తెలియడం. అందులో ఒక రకం ఉంది. కొందరికి 7 అంటే గయ్యాళి ఆడమనిషి, సోమవారం అంటే నీరసంగా ఉండే ముసలాయన. కావాలని ఊహించుకోరు, వాళ్లకి అలాగే తెలుస్తుంది. అంకెకే గుణం ఉన్నవాళ్లకి కారుకి ఉండదా? ఇందులోంచి ఆటిజమ్ ఉన్నవాళ్లంతా ఇలా ఉంటారని మాత్రం దయచేసి తీయకండి.

నిజానికి మనందరికీ ఇది పలచగా ఉంటుంది. 2008లో వియన్నా పరిశోధకులు జనానికి కార్ల ముందుభాగాలు చూపించి అడిగితే, చాలామంది వాటిలో మొహాలు చూశారు, హెడ్‌లైట్లలో కళ్లని చూశారు. అంతటితో ఆగక ఈ కారు మగది, ఇది కోపిష్టిది, ఇది పసిది అని గుణాలు కూడా చెప్పారు.

చేయాల్సిన పని ఇది. డాక్టరు దగ్గరికి వెళ్లమని మీరు తోయకండి. తనే బాధ చెప్పుకుంటే అప్పుడు ఎవరినైనా చూపించండి, లేదా టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఇవ్వండి. వీడియో సంగతి మాత్రం బయట తెలిసేలోపు మీరే ఆయనకి చెప్పాలి. ఇంకొకటి, ఇది సైకాలజీ కాదు: మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసుకుని కూర్చోవద్దని చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. మీరడిగిన ప్రమాదం ఏదైనా ఉంటే అదే.

పాత_కాపీరైటర్:

ముప్పై ఏళ్లు ప్రకటనలు రాసి బతికినవాణ్ని, అందులో ఎనిమిదేళ్లు కార్లవి. సైకాలజిస్టు మేడమ్ గారు గంట అన్నారు కదా, ఆ గంట కొట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని. అందుకని ఈ థ్రెడ్ చూసి ఊరుకోలేకపోయాను.

మా వృత్తికి ఒక పెద్దాయన ఉన్నాడు, ఎర్నెస్ట్ డిక్టర్. వియన్నా నుంచి 1938లో అమెరికా చేరాడు. ఫ్రాయిడ్ ఊరివాడు కదా, మనిషి చెప్పేదొకటి, కోరేదొకటి అని గట్టి నమ్మకం. క్రైస్లర్ వాళ్ల ప్లిమత్ కార్ల మీద జనంతో గంటలకొద్దీ మాట్లాడించి తేల్చిందేంటంటే, మగవాడు షోరూమ్‌లోకి వచ్చేది టాప్ లేని కన్వర్టిబుల్‌ని చూసి, కొనుక్కుని వెళ్లేది సెడాన్‌ని. మొదటిది మనసులో ఉన్న ప్రియురాలు, రెండోది ఇంట్లో ఇల్లాలు. కాబట్టి కన్వర్టిబుల్‌ని అద్దాల్లో ముందు పెట్టండి అన్నాడు. ఇప్పటికీ షోరూమ్‌లలో ముందు నిలబెట్టే బండి, మనం కొనే బండి ఒకటి కావు. గమనించండి.

1950లలో కాడిలాక్ బంపర్‌కి రెండు గుండ్రటి క్రోమ్ గుబ్బలు పెట్టారు. జనం వాటికి అప్పటి ఒక టీవీ నటి పేరు పెట్టి "డాగ్మార్లు" అన్నారు. ఎందుకో వివరించక్కర్లేదు. ఎవరూ ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లమనలేదు, కొనుక్కున్నారు.

1955 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో సిట్రోయెన్ డీఎస్ దిగింది. దాని ఒళ్లు తీర్చిన బెర్టోని శిల్పి. ఫ్రెంచిలో డీ, ఎస్ అక్షరాలు కలిపి పలికితే "దేఎస్", అంటే దేవత. మొదటి రోజే 12 వేల ఆర్డర్లు. అక్కడ జనం చేసిందాన్ని ఫ్రెంచి రచయిత రోలాఁ బార్త్ రాశాడు: రేకులు కలిసే గీతలు తడిమారట, సీట్లు నొక్కి చూశారట, తలుపులు నిమిరారట. చూపుతో మొదలై చేతుల్లోకి దిగే వరస మీకు ఎక్కడో తెలిసిందే. ఆ షోలో వేలమంది చేస్తే ఉత్సవం. ఆటోనగర్‌లో ఒక్కడు చేస్తే వీడియో.

ఇప్పుడు మీ పద్మిని దగ్గరికి. ఇది కాకతాళీయమే, కానీ నాకు భలే నచ్చింది. ఇటలీలో ఆటోమొబైల్ అనే మాట పుంలింగమా స్త్రీలింగమా అని చాలాకాలం తగువు. 1909లో ఫ్యూచరిస్టుల, అంటే వేగాన్నీ యంత్రాల్నీ కొలిచే కళాకారుల, మానిఫెస్టో రాసిన మారినెట్టి రేసు కారు గ్రీకు విజయదేవత విగ్రహం కన్నా అందమైందన్నాడు, కానీ ఆ కారుని మగ మాటగానే రాశాడు. 1920లో కవి దానుంజియో ఆ తగువు తీరుస్తూ ఒక ఉత్తరం రాశాడు: ఇది ఆడదే, వయ్యారం ఉంది, చురుకుంది, పైగా ఆడవాళ్లలో లేని ఒక సుగుణం ఉంది, చెప్పినట్టు వింటుంది అని. ఉత్తరం ఎవరికి? ఫియట్ కంపెనీ ఆన్యెల్లికి. అదే ఫియట్ కారు బొంబాయిలో తయారై, 1970లలో మన దగ్గర ప్రీమియర్ పద్మిని అయింది. చిత్తోడ్ రాణి పేరు పెట్టామన్నారు. సరే. కానీ మనకి పద్మిని అనగానే రాణి ఒక్కతే గుర్తొస్తుందా? పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని పాత కామశాస్త్రం కొక్కోకం ఆడవాళ్లలో నాలుగు జాతులు చెప్పింది, అందులో మేలైన జాతి పేరది. మీ కస్టమర్ లేనిదేదో ఊహించుకున్నాడంటే నేను ఒప్పుకోను. పేరుతో సహా కంపెనీవాడే అందించాడు.

దానుంజియో ఉత్తరంలో అసలు కీలకం ఆ చివరి ముక్క, చెప్పినట్టు వినడం. నేను రాసిన ప్రకటనలన్నిటి కిందా అదే ఉండేది. తాళం నీ చేతిలో, ఎప్పుడంటే అప్పుడు, ఎదురు మాట్లాడదు. అది కోరిక కాదు, పెత్తనం.

ఒక వ్యాకరణం ముచ్చట చెప్పి ఆపుతాను. ఇంగ్లీషువాడు కారుని "ఆమె" అనాలంటే పనిగట్టుకుని అనాలి. మనకా బాధ లేదు. "అమ్మాయి వచ్చింది", "కారు వచ్చింది". ఏకవచనంలో ఆడమనిషికీ వస్తువుకీ మన భాష ఒకే క్రియ పెట్టింది. మోజు అనే మాట కూడా అంతే: ఆమె మీద మోజు పడ్డాడు, బండి మీద మోజు పడ్డాడు, మోజు తీరాక అమ్మేశాడు. చివరిది మాత్రం బండికే అనుకుంటున్నాను.

రేపల్లె_ఆడపడుచు:

చివరిది బండికే అనుకోకండి బాబాయిగారూ.

2009లో మా నాన్న పెళ్లిలో కారు పెట్టారు. పెళ్లిచూపుల్లో మా ఆయన నన్ను ఎంతసేపు చూశాడో తెలీదు గానీ, ఏ మోడలని మూడుసార్లు అడిగించాడు. అప్పగింతల రోజు దానికీ పూలదండ, దానికీ బొట్టు, పక్కన నేను. ఎవరు కొత్తకోడలో తెలీనట్టు ఉండేది ఫొటో. ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఇంటికొచ్చాక దానికి దిష్టి తీశారు మా అత్తగారు. నాకు తీయడం మర్చిపోయారు. ఒకసారి గేటు తగిలి డోరు మీద గీత పడితే మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాకు డెంగ్యూ వచ్చినప్పుడు బాగానే తిన్నాడు.

ఈయన్ని పిచ్చోడని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మీ ఆకుపచ్చ ఫియట్ పెద్దమనిషి, పాపం, ఆ కారు కోసం ఎవరి కూతుర్నీ చేసుకోలేదు కదా. మీ ఆవిడకి ఈ ముక్క చెప్పండి అన్నయ్యగారూ.

ఆటోనగర్_పాలిష్:

చెప్పానమ్మా. చదివి వినిపించాను. రెండు నిమిషాలు ఏం మాట్లాడలేదు, తర్వాత "నీకు మా నాన్న ఇచ్చిన బైకు ఏమైంది" అని అడిగింది. నేను లేచి షాపుకొచ్చేశాను.

కొత్త_ఐడీ_మన్నించండి:

ఈ ఒక్క జవాబు కోసం ఐడీ చేసుకున్నాను. నేను కెనడాలో ఉంటాను. ఊరు, ఉద్యోగం అడగొద్దు.

ముందు ఒక సవరణ. ఈ థ్రెడ్ అంతా మగవాడు, ఆడకారు అన్నట్టే నడుస్తోంది. నేను ఆడదాన్ని. వస్తువుల్ని ప్రేమించినవాళ్లలో లోకానికి బాగా తెలిసిన ఇద్దరూ ఆడవాళ్లే. ఒకామె స్వీడన్‌లో, 1979లో బెర్లిన్ గోడని పెళ్లాడానంది. ఇంకొకామె అమెరికన్, 2007లో ఐఫిల్ టవర్‌తో పెళ్లి వేడుక చేసుకుంది. వాళ్లకి తాళం చేతిలో ఎక్కడుంది? గోడ చెప్పినట్టు వింటుందా?

నాది పదేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్. ఇరవై ఏడేళ్లప్పుడు కొన్నాను, చవగ్గా వచ్చిందని, అంతే. మొదటి చలికాలం మైనస్ పాతికలో మూడోసారి తిప్పితే గానీ స్టార్ట్ అయ్యేది కాదు. రెండుసార్లు గొణిగి, మూడోసారి ఒళ్లంతా వణికి అందుకునేది. ఆ వణుకు సీటులోంచి నా వెన్నులోకి వచ్చేది. ఆ చలికాలం చివరికి ఇది వేరే అని నాకు తెలిసిపోయింది. అంతకుముందు ఇద్దరబ్బాయిలతో ఉన్నాను. వాళ్లు మంచివాళ్లే. కానీ వాళ్ల దగ్గర నేను ఎప్పుడూ ఏదో గుర్తుపెట్టుకుని చేస్తున్నట్టుండేది, ఇప్పుడు నవ్వాలి, ఇప్పుడు చెయ్యి పట్టుకోవాలి అని. కారులో ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

కాపీరైటర్ గారూ, మీ పెత్తనం సిద్ధాంతం ప్రకటనలకి సరిపోతుందేమో, నాకు సరిపోదు. అది నా మాట వినకపోవడమే నాకిష్టం. దానికి తన టైమ్ ఉంటుంది. నాకది ఆడా కాదు, మగా కాదు. అమ్మతో ఫోన్లో "పొద్దున లేటైంది, అది లేవలేదు" అంటాను. అమ్మ రూమ్మేట్ అనుకుంటుంది. మీ వ్యాకరణం ముచ్చట చదివి అందుకే నవ్వొచ్చింది. ఆరేళ్లుగా నన్ను దాస్తున్నది అదే.

కిందటేడు తుప్పు పట్టి ఫ్లోర్ పోయింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కింద నుంచి తినేస్తుంది. మెకానిక్ లిఫ్ట్ మీద ఎత్తి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. వాడు మామూలుగానే పొడిచాడు. నేను బాత్రూమ్‌లోకి వెళ్లి నోటికి స్కార్ఫ్ అడ్డం పెట్టుకుని ఏడ్చాను. ఆఫీసులో సెలవు పెట్టడానికి కారణం రాయాలి కదా, జ్వరమని రాశాను.

పాలిష్ గారూ, మీ కస్టమర్ మీకు ఆ మాట చెప్పడానికి ఎన్నేళ్లు పట్టిందో మీకు తెలీదు. "వచ్చే నెల వ్యాక్స్ పెడదాం సార్" అన్నందుకు సిగ్గుపడుతున్నారు. నాకెవరైనా ఆ మాట అనుంటే బాగుండేది.

పాత_కాపీరైటర్:

అమ్మా, ఒప్పుకున్నాను. నేను అమ్మినదాని గురించే నాకు తెలుసు.

మనసు_మాట:

కొత్త ఐడీ గారూ, మీరు పడింది దుఃఖమే. జ్వరమని రాయాల్సి రావడమే అందులో బరువైన భాగం. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, బాగు చేస్తానని మాత్రం అనను.

ఆటోనగర్_పాలిష్:

జరిగింది చెప్పాలి కదా, ఆలస్యమైంది.

ఆయన ఆ తర్వాతి ఆదివారం వచ్చాడు. కుర్రాళ్లని తొమ్మిదింటికి రమ్మని, నేనొక్కణ్నే షట్టర్ ఎత్తాను. వీడియో సంగతి చెప్పాను, నా తప్పేనని, మీకు మాటిచ్చి నిలబెట్టుకోలేకపోయానని. "మొహం కనిపిస్తుందా?" అని అడిగాడు. సగం కనిపిస్తుందన్నాను. "దాని నంబరు?" కనిపించదన్నాను. హమ్మయ్య అన్నట్టు చూశాడు. బండి కడగనివ్వకుండా తీసుకుని వెళ్లిపోయాడు. ఇక రాడనుకున్నాను. వీడియో తీసినవాణ్ని పని మానిపించలేదు, వాడికి ఇల్లుంది. గ్రూపులో మాత్రం వాడి చేతే క్షమాపణ పెట్టించాను. ఇద్దరు బొటనవేలు గుర్తు కొట్టారు, అంతే.

ఆరు వారాల తర్వాత మొన్న వచ్చాడు. ఎండాకాలం కదా, రూఫ్ మళ్లీ వెలిసింది, మెషిన్ పెట్టమన్నాడు. పెయింట్ ఎంత మందం ఉందో చూసే మీటర్ ఒకటి ఉంటుంది. పెట్టి చూస్తే అంచుల దగ్గర రంగు దాదాపు లేదు. ఇంకొక్కసారి బఫింగ్ చేస్తే కింద ప్రైమర్ బయటపడుతుంది. అదే చెప్పాను: "నాలుగుసార్లు మెషిన్ పెట్టాం సార్, ప్రతిసారీ కొంత పోతుంది. ఇంక మెషిన్ వద్దు, చేత్తో వ్యాక్స్ పెట్టుకుందాం. లేదంటే మొత్తం గీకి కొత్త పెయింట్ వేయించాలి."

కొత్త పెయింట్ మాట వినగానే తల అడ్డంగా ఊపాడు. కాసేపు ఆ రూఫ్ అంచు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. తర్వాత అడిగాడు: "ఆ నాలుగు ప్యాడ్లూ నా దగ్గర జాగ్రత్తగా ఉన్నాయి. వాటిలో ఉన్న రంగు తీసి మళ్లీ దానికి వేయొచ్చా?"

కుదరదండీ అన్నాను. ఎండిపోయి పొడైపోతుంది, కాంపౌండ్ కలిసిపోయి ఉంటుంది, అంటదు అని వివరంగానే చెప్పాను. సరేనన్నాడు. గుడ్డ నా చేతికిచ్చి, తను ఇంకో గుడ్డ తీసుకున్నాడు. ఆయన బానెట్, నేను డిక్కీ. గంటన్నర పట్టింది. డబ్బులు ఎప్పట్లాగే బేరం లేకుండా ఇచ్చాడు, సగం పని ఆయనే చేసినా.